గిడ్డమ్మ గుంజిన తాడు

ముగ్గురాయి మిల్లులో పనిచేసే వాళ్లకు కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి పట్టి ఉంటుంది. ఆ పొద్దు ఆస్పత్రి వరండాలో మహాదేవి పక్కన కూర్చున్న నాగక్క మొహం మీద, కన్నీళ్లు దిగినచోట రెండు చారలు మాత్రం శుభ్రంగా కనిపిస్తున్నాయి. లోపల గిడ్డమ్మ కుడిచేతికి ఆపరేషన్ జరుగుతోంది. రెండు వేళ్లు దక్కవని డాక్టరు ముందే చెప్పేశాడు.

మహాదేవిది ఆదోని పక్క పల్లె. కర్నూలులో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదివి, మంగంపేట దగ్గరి ఈ మిల్లుకు వచ్చి రెండేళ్లు దాటింది. గనుల నుంచి టిప్పర్లలో వచ్చే ముగ్గురాయిని పిండిచేసి, సంచులకెత్తి, చమురుబావులు తవ్వే దేశాలకు పంపే మిల్లు అది. అక్కడి మోటార్లకూ, సెన్సార్లకూ, వాటినన్నిటినీ నడిపే కంప్యూటరుకూ ఆమే ఇంజనీరు. గిడ్డమ్మది కూడా కర్నూలు పడమటి పక్కే, ఆలూరు దగ్గర. వానల్లేని ఒక ఏడు కూలికని వచ్చి ఇక్కడే నిలిచిపోయింది. రాయి పిండి కాకముందు బెల్టు మీద కదిలిపోతుంటే, అటూ ఇటూ నిలబడి చెత్తరాళ్లను ఏరిపారేసే ఆడవాళ్లలో ఆమే పాత మనిషి. మిల్లంతా మహాదేవిని మేడం అంటుంది. గిడ్డమ్మ ఒక్కతే “ఏమ్మే” అంటుంది.

బెల్టు పొడవునా, చేతికి అందే ఎత్తులో ఒక ఎర్రతాడు కట్టి ఉంటుంది. ఎవరికి ఏ ఆపద వచ్చినా ఆ తాడు గుంజితే బెల్టు ఆగిపోవాలి. ఆ పొద్దు గిడ్డమ్మ గ్లౌజు అంచు బెల్టుకూ రోలరుకూ మధ్య ఇరుక్కుంది. బెల్టు ఆగలేదు. బెల్టుకు ఆ పక్క రాళ్లు ఏరుతున్న నాగక్క రాళ్ల మీదుగా పరుగెత్తిపోయి, మోటారు దగ్గరి స్విచ్చి కొడితే గానీ ఆగలేదు.

మిల్లు యజమాని రాఘవేంద్రప్రసాద్ కాసేపటికే ఆస్పత్రికి వచ్చాడు. రాజంపేటలో తాతల నాటి నుంచీ వ్యాపారం చేస్తున్న ఇంటి మనిషి. కూలీలంతా ఆయన్ను సావుకారి అనే పిలుస్తారు. చెడ్డవాడేం కాదు. డాక్టరుతో మాట్లాడాడు, మందులు తెప్పించాడు, గిడ్డమ్మకు తోడు ఎవరుంటారో కనుక్కున్నాడు. అన్నీ అయినాక మహాదేవిని పక్కకు పిలిచాడు.

“తాడు గుంజలేదంట కదమ్మా?”

“ఎవరన్నారు సార్?”

“ఎవరో అనేదేంది, కంప్యూటరే అంటాంది. తాడు గుంజితే అందులో పడాల కదా. పడలేదు. బయమేసి చెయ్యి వెనక్కి గుంజుకునే హడావిడిలో మర్చిపోయింటాది పాపం. ఆమెను నేనేం అనను. వైద్యం అంతా నేను చూసుకుంటా. కానీ రేపట్నుంచి బెల్టు కాడ ఆడోళ్లు నిలబడాల. మిషన్లో తప్పేం లేదని వాళ్లకు నువ్వు చెప్పాల. నీ మాటైతే వింటారు.”

నాగక్క ఆ మాట విననే విన్నది. లేచి నిలబడింది. “గుంజింది సామీ. నా కండ్లతో సూసినా.”

“నువ్వు బెల్టుకు ఆ తట్టు ఉన్నావు కదా నాగక్కా. ఆ దుమ్ములో నీకేం కనపడుతుంది?”

  చూసి చెప్తానని మాత్రం అంది మహాదేవి.

* * *

మర్నాడు కర్నూలు నుంచి గోపీనాథ్ వచ్చాడు. మిల్లుకు కంప్యూటర్లు అమ్మి, వాటిని చూసుకునే కంపెనీ మనిషి. పనిమంతుడు. వస్తూనే కంట్రోలు రూములో కూర్చుని అన్నీ తిప్పి చూశాడు. బెల్టు ఖాళీగా నడిపించి, తాడు తను గుంజి చూసి, మహాదేవి చేతా గుంజించాడు. ఎన్నిసార్లు గుంజితే అన్నిసార్లూ బెల్టు టక్కున ఆగింది.

“చూడండి మేడం, మీ కళ్లముందరే కదా,” అన్నాడు నొచ్చుకుంటూనే. “మనుషులు పొరపడతారు. పాపం, ఆమెను అనేందుకేం లేదు.”

అందరూ గిడ్డమ్మను ఏమీ అనడం లేదు. అందరూ పాపమే అంటున్నారు. ఆ జాలి మహాదేవికి వెగటుగా తోచింది. బెల్టు ఆగడం మటుకు నిజమే. తను గుంజినా ఆగింది, గోపీనాథ్ గుంజినా ఆగింది. గిడ్డమ్మనే అడుగుదామని ఆ మధ్యాహ్నమే కడప బస్సెక్కింది. గిడ్డమ్మను అప్పటికి కడప పెద్దాస్పత్రికి మార్చారు.

గిడ్డమ్మ మంచం మీద కూర్చుని, ఎడంచేత్తో ఇడ్లీ తినడం నేర్చుకుంటోంది. కుడిచేయి కట్టుతో దిండంత ఉంది. మహాదేవిని చూడగానే గిన్నె పక్కన పెట్టింది.

“ఏమ్మే, సావుకారి ఏమంటాండాడు?”

మహాదేవి దాచలేదు. కంప్యూటర్లో తాడు గుంజినట్టు లేదన్న సంగతీ, గోపీనాథ్ పరీక్షా అంతా చెప్పింది.

గిడ్డమ్మ మొహం ఎర్రబడింది. ఏడుస్తుందనుకుంది మహాదేవి. ఏడవలేదు.

“నేను గుంజినా. ఈ ఎడంచేత్తో గుంజినా. అది నిలబడకపాయ. మల్లా గుంజినా. ఇంగోపక్క ఈ చెయ్యి లోపలికి పోతానే ఉండాది, నేను గుంజతానే ఉండా. పాయిన వేళ్లు ఎట్లా రావు. కానీ ఏమరపాటున ఉన్నింది, తాడు మర్సిపోయింది అనే మాట నేను పడనమ్మే. నేను ఆ బెల్టు కాడ నిలబడినన్నేండ్లు ఆ కంప్యూటరు నిలబడిందా? ఆపొద్దు ఆఫీసులో కోట్లేసుకున్నోళ్లు వచ్చినారే, సావుకారి అద్దాల్లోంచి మమ్మల్ని సూపిస్తా నిలబడినాడు. వాళ్లన్నా సూసింటారు, అడుగు.”

కోట్లేసుకున్నోళ్లన్న మాట దగ్గర మహాదేవి మనసు ఆగింది.

“అక్కా, ఆ కోట్లేసుకున్నోళ్లు వచ్చినప్పుడు ఆఫీసులో పెద్ద టీవీ ఎలుగుతాండెనా?”

“ఎలగకేం? రంగులు రంగులుగా తిరగతానే ఉండె. అద్దాల్లో నాకు కనపడతానే ఉండె.”

* * *

ఆ టీవీ సంగతి ఇది. సరుకు కొనడానికి బయటి దేశాల వాళ్లు వస్తుంటారు. వాళ్లకు చూపించడానికని సావుకారి ఆఫీసు గోడకు పెద్ద తెర పెట్టించాడు. దాని మీద మిల్లంతా బొమ్మగా కదులుతుంది. రాళ్లు దొర్లుతూ వస్తాయి, మిల్లు తిరుగుతుంది, పొడి సంచుల్లోకి జారుతుంది. ఆ బొమ్మను పాత కంప్యూటరు మోయలేదని, గోపీనాథ్ దాంట్లోనే ఒక కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించిపోయాడు. పాత బోర్డు మీద ఖాళీగా ఉన్న చోటు ఒక్కటే. తాడు నుంచి వచ్చే వైరు తగిలించిన కార్డుకు ఆనుకునే ఉందది.

ప్రమాదం జరిగినప్పటి నుంచీ ఆ తెరను ఎవరూ వేయలేదు. మనిషి చెయ్యి నలిగిన చోట రంగుల బొమ్మలెందుకని సావుకారే ఆపేయించాడు. గోపీనాథ్ పరీక్ష చేసినప్పుడూ ఆపే ఉంది, మహాదేవి గుంజినప్పుడూ ఆపే ఉంది.

మరుసటి రోజు ఆదివారం, మిల్లుకు సెలవు. మహాదేవి నాగక్కను వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చింది. బెల్టు ఖాళీగా నడిపించి, దగ్గరికి పోకుండా దూరంగా తాడు చివర నిలబడమంది. తెర ఆపి ఉంచినంతసేపూ నాగక్క గుంజగానే బెల్టు ఆగింది. తర్వాత మహాదేవి ఆఫీసులోకి పోయి తెర వేసింది. బొమ్మ రాళ్లు దొర్లడం మొదలుపెట్టాయి.

“గుంజు నాగక్కా.”

ఆగింది.

“మళ్లా గుంజు.”

బెల్టు ఆగలేదు. నాగక్క తాడు వైపు ఒకసారి, మహాదేవి వైపు ఒకసారి చూసింది. మళ్లీ గుంజింది. బెల్టు నిదానంగా, ఏమీ వినపడనట్టు పోతూనే ఉంది.

నాగక్క తాడు వదిలేసి నేలమీద కూర్చుంది. “సంపినారు గదమ్మా,” అంది మెల్లగా. “గిడ్డక్క ఇట్లనే గుంజింటాది.”

మహాదేవికి ఒళ్లు మండిపోయింది. కానీ కోపంతో పోట్లాడితే నిలవదని ఆమెకు తెలుసు. ఎందుకు ఆగలేదో చూపించాలి. సంకేతం ఎప్పుడు వచ్చిందో, దానికి జవాబు ఎప్పుడు పోయిందో తెరమీద గీతలుగా చూపించే స్కోపు ఒకటి మిల్లులోనే ఉంది. ఆ పగలంతా దాని ముందే కూర్చుంది. తెర ఆపినప్పుడు రెండు గీతలూ ఒకదాని పక్కన ఒకటి అంటుకున్నట్టే లేచాయి. బొమ్మ కదులుతున్నప్పుడు రెండో గీత ఒక్కోసారి ఎంతో వెనకబడి లేచింది, ఒక్కోసారి అసలు లేవలేదు. కొత్త కార్డు ఊడబీకి చూసింది. గీతలు మళ్లీ దగ్గరికొచ్చాయి. తిరిగి బిగించింది. మళ్లీ దూరమయ్యాయి. అప్పటికి ఆమెకు అనుమానం తీరిపోయింది.

* * *

సోమవారం పొద్దున సావుకారి బెల్టు దగ్గరికి ఆడవాళ్లందరినీ పిలిపించాడు. గోపీనాథ్ కూడా వచ్చి ఉన్నాడు. గేటు బయట టిప్పర్లు వరసగా నిలబడి హారన్లు కొడుతున్నాయి.

“మహాదేవీ, చెప్పమ్మా,” అన్నాడు సావుకారి. “మిషను బాగుందని చెప్పు. పని మొదలుపెడదాం.”

“మిషను బాగలేదు సార్,” అంది మహాదేవి, అందరికీ వినపడేట్టు. “గిడ్డమ్మక్క తాడు గుంజింది. మన కంప్యూటరు వినలేదు.”

ఆడవాళ్లలో గుసగుస లేచింది. సావుకారి మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఇట్లా పదిమందిలో ఎదురు చెప్తుందని ఆయన అనుకోలేదు. గోపీనాథ్ ముందుకొచ్చాడు.

“మేడం, పరీక్ష చేసినాం కదా? ఆ కంప్యూటరు మీద పని బరువు కూడా లేదు. ప్రాసెసరు నూటికి తొంభై పాళ్లు ఖాళీగానే ఉంటుంది. కావాలంటే చూపిస్తా.”

“అది సగటు లెక్క గోపీనాథ్ గారూ. సగటున ఖాళీనే, నేను కాదనను. గిడ్డమ్మక్క చెయ్యి సగటున నలగలేదు, ఒక్క క్షణంలో నలిగింది. ఆ క్షణంలో అది ఖాళీగా లేదు.” తర్వాత సావుకారి వైపు తిరిగింది. “సార్, నా మాట వద్దు. ఆఫీసులో తెర వేయించండి. బెల్టు ఖాళీగా నడిపిస్తా. తాడు మీరే గుంజండి.”

సావుకారికి కాదనడానికి దారి లేకపోయింది. తెర వేశారు. ఆయన చొక్కా చేతులు మడిచి తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. బెల్టు ఆగింది.

“చూసినావా?” అన్నాడు ఊపిరి వదులుతూ.

“మళ్లా గుంజండి సార్.”

గుంజాడు. బెల్టు పోతూనే ఉంది. ఆయన నమ్మలేనట్టు తాడు వైపు చూసుకుని, ఈసారి గట్టిగా గుంజాడు. పోతూనే ఉంది. రెండు చేతులా పట్టి గుంజాడు. అక్కడ ఇరుక్కున్న చెయ్యి ఏదీ లేదు. అయినా ఆయన నుదుట చెమట పట్టింది. మహాదేవి మోటారు స్విచ్చి కొట్టింది. బెల్టు ఆగింది. 

“ఏందిది?” అన్నాడాయన, గొంతు తగ్గించి.

మహాదేవి ఆయనకూ, చుట్టూ మూగిన ఆడవాళ్లకూ కలిపి చెప్పింది. “కంప్యూటర్లో కార్డులన్నిటికీ దారి ఒకటే ఉంటాది సార్. దాన్ని బస్ అంటారు. తాడు కబురు తెచ్చే కార్డూ, బొమ్మలేసే కార్డూ రెండూ ఆ దారి మీదే ఉండాయి. బొమ్మల కార్డుతో వచ్చిన సాఫ్ట్‌వేరు, ‘నీకాడ చోటుందా’ అని అడక్కుండానే పని మీద పని తోస్తా పోతాది. కార్డు నిండిపోతాది. ‘ఉండు, ఉండు’ అంటాది. చేతిలో ఉండేది దానికి ఇచ్చేంతవరకూ ప్రాసెసరు నడిదారిలో అట్లే నిలబడిపోతాది. ఆ మధ్యలో ఎవరు పిల్చినా తిరిగి చూసేందుకు దానికి చాతకాదు. తాడు పిలుపు సరిగ్గా అప్పుడు వస్తాది.”

“ఆలస్యంగానైనా వినాల కదా?”

“వింటాది. కానీ తాడు ఎంత గట్టిగా, ఎంతసేపు గుంజినా ఆ పిలుపు రెప్పపాటు కూడా నిలవదు. మన ప్రోగ్రాము పిలుపు వినగానే తాడు వైపు చూసి, సంకేతం ఇంకా ఉందా లేదా అని సరిచూసుకుంటాది. ఆలస్యంగా చూస్తే ఏముంటాది? ఏమీ లేదు. గాలికి తాడు కదిలిందిలే అనుకొని వదిలేస్తాది. రాసి కూడా పెట్టుకోదు. అందుకే గిడ్డమ్మక్క గుంజింది మీకు కంప్యూటర్లో కనపడలేదు.”

గోపీనాథ్ అప్పటికే స్కోపు ముందు వంగి ఉన్నాడు. రెండు గీతల మధ్య ఎడాన్ని చాలాసేపు చూశాడు. అతనికి అర్థం కావడానికి ఇంకెవరూ చెప్పనక్కరలేదు. లేచి నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. “నిజమే. చోటుందా అని అడిగితే ప్రతిసారీ కొంత సమయం పోతుంది. మా కార్డు బొమ్మ అందరికన్నా జోరుగా కదులుతుందని చూపించుకోవాలని, తయారుచేసేవాళ్లు ఆ అడగడం తీసేస్తారు. విన్నాను గానీ ఇక్కడ దాని గురించి ఆలోచించలేదు.”

అతను కంట్రోలు రూములోకి పోయాడు. కాసేపటికి బయటికొచ్చి, మళ్లీ గుంజి చూడమన్నాడు. ఆ సాఫ్ట్‌వేరులోనే ఎక్కడో మరుగున ఉన్న ఒక సెట్టింగు మార్చాడట. ఇప్పుడది అడిగి మరీ పంపుతుంది. తెర మీద బొమ్మ కాస్త తడబడుతూ కదిలింది. నాగక్క తాడు గుంజింది. ఆగింది. మళ్లీ గుంజింది, మళ్లీ ఆగింది. ఎందరు గుంజితే అందరికీ ఆగింది.

సావుకారి మొహంలోకి నెత్తురొచ్చింది. “హమ్మయ్య! తప్పు దొరికింది, దిద్దుకున్నాం. గిడ్డమ్మకు నేను అన్యాయం చెయ్యను. పదండి పదండి, టిప్పర్లు నిలబడిపోయినాయి. స్విచ్చి ఏసి బెల్టు ఇయ్యి మహాదేవీ.”

మహాదేవి కదల్లేదు.

“ఇయ్యను సార్.”

“ఇంకేమి? ఆగతాంది కదా?”

“ఈ పొద్దు ఆగతాంది. రేపు ఎవరో వచ్చి ఇంకో కార్డు పెడతారు, ఇంకో బొమ్మ పెడతారు. ఆ సెట్టింగు పోతుంది. మళ్లా ఎవరి చెయ్యో పోయేదాకా మనకు తెలీదు. తాడు వైరు ఆ కంప్యూటర్లోకి పోనేకూడదు సార్. తిన్నగా మోటారు కరెంటు కోసేట్టు ఉండాల. నేను చేరినప్పుడే మీకు చెప్పినా. సీజను అయిపోనీ అన్నారు.”

“అట్లనే ఉన్నింది మొదట! గాలి తగిలినప్పుడల్లా తాడు ఊగి బెల్టు నిలబడిపోతుంటే, పని సాగక మార్పించినాం. నువ్వు రాకముందు సంగతి.”

“గాలికి నిలబడితే నిలబడనీ. మనిషి గుంజినప్పుడు నిలబడకపోవడం కన్నా అదే మేలు.”

సావుకారికి కోపం తన్నుకొచ్చింది. “చూడమ్మా, మిల్లు నాది. నువ్వు ఈడ ఉద్యోగం చేస్తాండావు. ఎట్ల నడపాలో నాకు చెప్పేంత దానివా?”

“మిల్లు మీదే సార్. మీరు నడుపుకోండి. ఈ బెల్టు మాత్రం నా చేత్తో నేను ఇయ్యను.”

అంటూనే ఆమె మెయిన్ స్విచ్చి కిందికి దించి, రిపేర్లప్పుడు వాడే తాళం దానికి వేసేసింది. తాళంచెవి చున్నీ కొంగుకు ముడివేసుకుంది.  ఉద్యోగం పోయిందనే అనుకుంది. పోతే ఏం చేయాలో కూడా తోచలేదు. అయినా ముడి ఇంకోసారి బిగించింది.

“నువ్వియ్యకపోతే ఇంకొకరు ఇస్తారు,” అన్నాడు సావుకారి. గోపీనాథ్ వైపు తిరిగాడు. “ఏమప్పా, నీకు చేతనవుతుంది కదా?”

గోపీనాథ్ ఆ తాళం వైపు చూశాడు.  “చేతనవుతుంది సార్. కానీ నేను చెయ్యను. ఆ కార్డు అందులో పెట్టింది నేను. ఆమె చెప్పేది నిజం.”

“నువ్వూనా?”

ఇంతలో నాగక్క గ్లౌజులు విప్పి, బెల్టు అంచున పెట్టింది. “కరెంటు తెగేట్టు వైరు పెట్టేదాకా మేము పనికెక్కం సామీ.” ఆమె వెనక ఇంకొకామె పెట్టింది. తర్వాత ఇంకొకామె. ఎవరూ అరవలేదు, ఎవరూ చేతులూపలేదు. ఆడవాళ్లంతా పోయి సంచుల షెడ్డు నీడలో కూర్చున్నారు. సావుకారి కాసేపు వాళ్లను చూసి, విసురుగా ఆఫీసులోకి పోయి తలుపేసుకున్నాడు.

ఎండ ముదిరింది. టిప్పర్ల డ్రైవర్లు హారన్లు కొట్టి కొట్టి విసిగి, బండ్ల కింద తువ్వాళ్లు పరుచుకున్నారు. నాగక్క తన సద్దిలోంచి కొర్రన్నం ముద్ద ఒకటి తీసి మహాదేవి చేతిలో పెట్టింది.  వీళ్లందరి కూలీ ఈ పొద్దు తన మాట మీద ఆగిపోయిందన్న సంగతి ఆమె మనసులో మెదులుతూనే ఉంది.

“మీకు నష్టం కదా నాగక్కా,” అంది.

“గమ్మున తినమ్మా,” అంది నాగక్క. “నష్టమంటే ఏందో గిడ్డక్కను అడుగు.”

మధ్యాహ్నం తిరిగినాక ఆఫీసు తలుపు తెరుచుకుంది. సావుకారి ఒక్కడే బయటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా బెల్టు దగ్గరికి పోయాడు. ఆగిపోయిన బెల్టు పక్కన, గిడ్డమ్మ నిలబడే చోటనే నిలబడి తాడు మీద చెయ్యేశాడు. గుంజలేదు. ఊరికే పట్టుకుని, రోలరు వైపు చూస్తూ చాలాసేపు ఉన్నాడు. పొద్దున రెండు చేతులా గుంజినా కదలిక ఆగని ఆ బెల్టు ఆయన లోపల ఇంకా పోతూనే ఉన్నట్టుంది. ఆ తర్వాతే మహాదేవిని పిలిచాడు.

“వైరు మార్చేదానికి ఎంతసేపు పట్టుతుంది?”

“పొద్దుగూకేలోపు అయిపోతుంది సార్. గోపీనాథ్ గారు కూడా చెయ్యేస్తే ఇంకా ముందే.”

“గాలికి ఆగితే?”

“తాడు బిగించి కట్టిస్తా. స్ప్రింగులు మారుస్తా. అప్పటికీ ఎప్పుడన్నా ఆగితే, ఆగతాది.”

 “సరే, కానియ్యి. అయితే ఒకటి. ఇట్లా పదిమందిలో నా నోరు మూయించినావు. అది నేను మర్చిపోతానని అనుకోవద్దు.”

“మర్చిపోవద్దు సార్,” అంది మహాదేవి. వెటకారానికి అనలేదు. అట్లాగే వచ్చింది నోటికి.

* * *

ఆ సాయంత్రానికి తాడు వైరు కంప్యూటరు వదిలి తిన్నగా మోటారు కరెంటుకు పోయింది. కంప్యూటరుకు తాడు గుంజిన కబురు మాత్రం వేరే వైరు మీద అందుతుంది, అది విన్నా వినకపోయినా బెల్టు ఆగుతుంది. గోపీనాథ్ కొత్త కార్డు ఊడదీసి, ఆఫీసు తెరకు వేరే కంప్యూటరు పెట్టించాడు. పోతూ పోతూ, ఇట్లాంటి కార్డులే తాను పెట్టిన మిల్లులు ఇంకా ఉన్నాయనీ, అన్నిటికీ పోయి చూసుకోవాలనీ చెప్పాడు. మొదటి వారంలో గాలికి బెల్టు రెండుమార్లు ఆగింది. స్ప్రింగులు మార్చినాక అదీ తగ్గింది.

సావుకారి మహాదేవిని పని మాన్పించలేదు. కానీ పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. కొనేవాళ్లు వచ్చినప్పుడు ఇదివరకు ఆమెను పిలిచి పరిచయం చేసేవాడు. అది మానేశాడు. మహాదేవి పట్టించుకోలేదు.

గాయం మానినాక గిడ్డమ్మ మిల్లుకు వచ్చింది. ఎండలో నడిచి వచ్చి గేటు దాటుతుంటే, సావుకారి కారు దిగుతూ ఆమెను చూసి తనే ఎదురొచ్చాడు.

“రా గిడ్డమ్మా. ఎట్లుంది చెయ్యి? నీకు కష్టం లేకుండా చూసినాలే. ఇంక బెల్టు కాడికి పోవద్దు. ఈ గేటు కాడ కుర్చీ ఏపిస్తా. నీడపట్టున కూర్చుని, వచ్చే పోయే బండ్లు చూసుకో. కూలీ అంతే ఉంటుంది.”

గిడ్డమ్మ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంది. “నువ్వు నాకు ఒక మాట బాకీ ఉండావప్పా.”

“ఏం మాట?”

“నేను తాడు గుంజలేదని ఆస్పత్రిలో అన్న్యావంట. మహాదేవి ముందర అన్న్యావు, నాగక్క ముందర అన్న్యావు. మా ఊరిదాకా పాయ ఆ మాట. నా కోడలు గూడ అడిగె, తాడు ఎందుకు గుంజలేదత్తా అని. ఇంగ ఈడ అందురి ముందర నువ్వే చెప్పు, గుంజినానో లేదో.”

షిఫ్టు మారే వేళ. ఆడవాళ్లు అక్కడికక్కడే ఆగిపోయారు. టిప్పరు మీదున్న డ్రైవరు ఇంజను ఆపేశాడు. సావుకారి అటూ ఇటూ చూశాడు. ఆయన మహాదేవి వైపు కూడా చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, సాయానికీ పోలేదు.

“గుంజింది,” అన్నాడు ఆయన. గొంతు సరిచేసుకుని, ఇంకాస్త పెద్దగా అన్నాడు. “గిడ్డమ్మ తాడు గుంజింది. తప్పు మిషనుది. దాన్ని అట్ల పెట్టించిన నాది.”

గిడ్డమ్మ తల ఊపింది. దండం పెట్టలేదు, కృతజ్ఞత చెప్పలేదు.

“సరే. కుర్చీ నాకొద్దు.”

“ఎందుకు? ఆ చేత్తో బెల్టు కాడ ఏం చేస్తావు?”

“ఏరతా. ఇంగా మూడు వేళ్లు ఉండాయి, ఎడమచెయ్యి ఉండాది. నన్ను తెచ్చి గేటు కాడ కూసోబెడితే, పని చాతకాక చెయ్యి పోగొట్టుకున్న్యదాన్ని పక్కన పెట్టినట్టుంటాది. వొచ్చేపొయ్యే వాళ్లందురికీ నేను సూపెట్టే బొమ్మనా?”

 మహాదేవి ఆమెకు ఎడంచేతి వాటానికి అనువుగా ఉండే తట్టు చోటు చూపించింది. రోలర్లకు ఇప్పుడు చేతులు పోకుండా ఇనుప జాలీలు వేయించింది కూడా. గిడ్డమ్మ ఆ జాలీని తట్టి చూసింది, తాడును చేత్తో జాడించి చూసింది. పక్కన నిలబడ్డ నాగక్కను మోచేత్తో ఒక్కటి పొడిచి, కాస్త జరగమంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. మూడు వేళ్ల చేతికి గ్లౌజు తొడుక్కోవడానికి కొంత తంటాలు పడింది. ఎవరో సాయం రాబోతే చెయ్యి వెనక్కి గుంజుకుని, పళ్లతో పట్టి తనే తొడుక్కుంది.

తర్వాత తలెత్తి చూస్తే మహాదేవి ఇంకా స్విచ్చి దగ్గర అట్లాగే నిలబడి తననే చూస్తోంది.

“ఏమ్మే, యాడ సూస్తాండావు? రాళ్లు వాటికవే ఏరుకోవు. బెల్టు ఇయ్యి.”

మహాదేవి బెల్టు ఇచ్చింది.